సూచికకీ హక్కులకీ మధ్య

అక్టోబరు. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు.
మూడంటే మూడే. హార్బరులో
దానికి అర్థం అడిగేవాడు లేడు.
ఐసు కొట్టే కుర్రాడు కూడా ఒకసారి మెడెత్తి చూసి
పని ఆపకుండానే లంగరు తాళ్లు లెక్కపెట్టుకుంటాడు.

నాకు ఫోనొచ్చింది మాత్రం మరో మాట గురించి.

"బాబూ, మీ పుస్తకంలో ఉంది గదా,
స్థిరపడిన వరుసలే రెండో తెర మీదకి ఎల్తాయని.
ఏటి స్థిరపడ్డమంటే?
పదకొండు బోట్లు వొచ్చినట్టు నాను ఎక్కించీసేను.
అవతలి జెట్టీ కాడ తెర ఎనిమిదే అంటంది.
ఆ మూడు బోట్ల ఆడోళ్లు
తెర కిందే నిలబడిపోనారు.
కుర్రోణ్ణి పరిగెట్టించేను అనుకో. అయినా
రేపు మళ్లీ ఇలాగయితే నానేటి సెప్పాలి?"

తెడ్డు పరసమ్మ. టోకెన్ల గది. ఆమె గొంతు వెనక గాలి.

రుషికొండ మీద, నాలుగో అంతస్తులో, మాన్యువల్ తెరిచాను.
ఐదు వందల పన్నెండు పేజీలు.
'స్థిరపడిన' నలభై మూడు చోట్ల.
చివర పదకోశంలో
సూచిక తర్వాత తిన్నగా హక్కులు.
మధ్యలో, ఇంకో మెట్టు ఉందనుకుని
చీకట్లో కాలు వేసినప్పటి ఖాళీ.

డిస్కు మీద పడ్డాక, అంది ఫర్హానా,
తెర మీంచి కళ్లు తియ్యకుండా.
గొంప జగ్గారావు నవ్వాడు. ఉత్త డిస్కేంటి,
రెండో యంత్రం అందిందని కబురు పెట్టొద్దూ?
హైదరాబాదు నుంచి వీడియోలోకి వచ్చిన పెద్దాయన
మైకు వెయ్యడం మరిచి చాలాసేపు వివరించాడు.
వేశాక ఒకటే వాక్యం:
అది అందరికీ తెలిసిందే కదండీ.

'అందరూ' కూడా పదకోశంలో లేదు.

ఈ మాట మొదట ఎవరు రాశారని పాత ప్రతులు తవ్వాను.
ఒకప్పుడు అక్కడ 'రాసి ముగించిన' అని ఉండేది.
మోటుగా, సరిగ్గా.
చెవికి ఇంపుగా లేదని దాన్ని కొట్టేసి
'స్థిరపడిన' అని దిద్దిన పేరు
నాదే.
ఆరేళ్ల కిందట, శుక్రవారం, సాయంత్రం ఐదూ నలభైకి.
భీమిలి బస్సు తొందర కాబోలు.

మాటలతో తేలదని జగ్గారావు
రెండు పాత యంత్రాలు బల్ల మీద పెట్టాడు.
నేనొక వరుస రాస్తాను, ఫర్హానా ప్లగ్గు పీకుతుంది.
రాస్తాను, పీకుతుంది.
టీ చల్లారేదాకా.
ఒక్కదాని మీదే పడ్డ వరుస, అది చస్తే దానితోనే పోయింది.
రెండింటి మీదా పడ్డది, ఏది పీకినా మిగిలింది.
మూడో అధ్యాయం చెప్పింది ఇదే.
తొమ్మిదో అధ్యాయం, అదీ నా రాతే, వేరే ఏదో అనుకుంటోంది.

అప్పుడు రాశాను:
*స్థిరపడిన వరుస. రెండు యంత్రాల డిస్కుల మీదా రాసి ముగించినది,
ఏ ఒక్కటి ఆగినా పోనిది.
రెండో తెర మీద కనబడకపోతే వరుస ఇంకా స్థిరపడలేదని;
జరిగిన పని జరగలేదని కాదు.*

ఆ చివరి ముక్క పదకోశంలో ఉండకూడదట, శైలి నియమం.
ఉంచాను.
తొమ్మిదిలో ఏడు చోట్ల మాట మార్చి 'చేరిన' అని పెట్టాను.
చేరడమంటే ఏమిటో కిందే రాశాను, ఈసారి.

పరసమ్మకి చదివి వినిపించాను.
"ఓస్, ఇదేనేటి!
ఒడ్డుకొచ్చిన బోటు వేరు, తాడు కట్టీసిన బోటు వేరు.
మొదాటే ఇలా రాసీసుంటే
గుంటడు అంత దూరం పరిగెట్టీవోడు కాదు."

పెట్టేస్తుందనుకున్నాను.
"ఆఁ, ఇంకోటి బాబూ. నూట ఆరో పేజీ.
'వెంటనే కనిపిస్తుంది' అని రాసేరు.
వెంటనే అంటే ఎంతసేపు?"

వెతికాను. నూట పన్నెండు చోట్ల.
కిటికీ అవతల సముద్రం బూడిద రంగులో లేస్తోంది.

బేగి చెప్తానమ్మా, అన్నాను
నోరు జారి.